‘షోగన్’లో యుద్ధం ఎక్కడ? ఒసాకా కోట గేటు చెప్పే జవాబు

సంక్షిప్తంగా: 1600 నాటి జపాన్‌లో అధికార పోరు మీద నడిచే ‘షోగన్’ (ఆ దేశాన్ని ఏలే సైనిక పాలకుడి బిరుదు అది) సిరీస్ పెద్ద యుద్ధం చూపించకుండానే ముగియడం చాలామందికి వెలితిగా అనిపించింది. ఈ కథలో అందరికంటే ఎక్కువ పని చేసిన ఆయుధం తాకట్టు. సామంతుల భార్యాబిడ్డలు ఎవరి గుప్పిట్లో ఉన్నారు, వాళ్లు ఊరు దాటాలంటే ఎవరి అనుమతి చీటీ కావాలి అన్నదాని మీదే అధికారం నడిచింది. 1600లో ఒసాకాలో ఆ తాకట్టు ఎలా బెడిసికొట్టిందో, తర్వాత టొకుగావా వంశం దాన్నే ఎలా చట్టం చేసుకుందో తెలిస్తే ఆ ముగింపు అర్థమవుతుంది. కథలోని ముఖ్యమైన మలుపులన్నీ ఈ వ్యాసంలో బయటపడతాయి, ఇంకా చూడనివాళ్లు గమనించాలి.

‘షోగన్’ చూసినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: ఇంతకీ యుద్ధం ఎక్కడ? పది ఎపిసోడ్ల పాటు సైన్యాలు కదులుతుంటాయి, ఫిరంగులు పేల్చడం నేర్పుతుంటారు, ‘క్రిమ్సన్ స్కై’ అనే దాడి పథకం పేరు పదేపదే వినిపిస్తుంది. తీరా చివరి ఎపిసోడ్‌లో సముద్రం పక్కన కొండ అంచున ఇద్దరు మాట్లాడుకుంటారు. రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ దృశ్యం కాసేపు మెరిసి మాయమవుతుంది. అంతే, కథ అయిపోతుంది.

2024 ఫిబ్రవరి 27న మొదలైన ఈ సిరీస్‌ను ఎఫ్ఎక్స్ సంస్థ తీసింది. డైలాగుల్లో ఎక్కువ భాగం జపనీస్‌లోనే ఉంటుంది. అయినా ఆ ఏడాది అమెరికా టీవీ పురస్కారాలైన ఎమ్మీల్లో 18 అవార్డులు గెలిచింది. ఒక్క సీజన్‌కు అన్ని అవార్డులు అంతకుముందు ఏ సిరీస్‌కూ రాలేదు. ఇంగ్లిష్ కాని భాషలో నడిచే సిరీస్ ఉత్తమ డ్రామాగా నిలవడం కూడా అదే మొదటిసారి. కథకు కేంద్రమైన సామంతుడు టొరనాగాగా చేసిన హిరొయుకి సనాడా ఉత్తమ నటుడు, అతని పక్షాన నిలిచే ఉన్నత వంశపు స్త్రీ మరికోగా చేసిన అన్నా సవాయ్ ఉత్తమ నటి అయ్యారు. ఇంత పేరొచ్చిన కథ యుద్ధాన్ని ఎందుకు దాటేసిందన్న దానికి బడ్జెట్ ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. దీని వెనకున్న చరిత్రలోనే గెలుపు యుద్ధభూమి దాకా వెళ్లకముందే చాలావరకు తేలిపోయింది.

పేర్లు మారాయి, మనుషులు వాళ్లే

సిరీస్‌కు ఆధారం జేమ్స్ క్లావెల్ 1975లో రాసిన నవల. అందులో చారిత్రక వ్యక్తులందరికీ వేరే పేర్లు పెట్టారు. టొరనాగా అంటే టొకుగావా ఇయెయాసు. అతని శత్రువు ఇషిదో అంటే ఇషిదా మిత్సునారి. చనిపోయిన పాలకుడు ‘తైకో’ అంటే టొయొతొమి హిదెయొషి. అతని వారసుడి తల్లి ఒచిబా వెనక ఉన్నది యొదొ-దొనొ. మరికోకు మూలం హొసొకావా గ్రాసియా. కథలోని విదేశీ నావికుడు బ్లాక్‌థోర్న్‌కు మూలం విలియం ఆడమ్స్ అనే ఇంగ్లిష్ నావికుడు.

ఇదే నవల మీద 1980లో అమెరికాలో ఒక టీవీ సిరీస్ వచ్చింది. అందులో కథంతా నావికుడి కళ్లతోనే నడిచింది. జపనీస్ మాటలకు చాలాచోట్ల సబ్‌టైటిల్స్ కూడా వేయలేదు. అతనికి అర్థం కానిది ప్రేక్షకుడికీ అర్థం కాకూడదన్న ఆలోచన అది. 2024 సిరీస్ ఆ పద్ధతిని తిరగేసింది. కోటలో గుసగుసలు, పెద్దల సమావేశాలు, ఆడవాళ్లు టీ పోసుకుంటూ మాట్లాడుకునే మాటలు అన్నీ మనకు వినిపిస్తాయి. అందుకే 1980లో సాహసగాథగా కనిపించిన కథ ఇప్పుడు రాజకీయ కథగా కనిపిస్తోంది.

ఐదుగురు పెద్దలు, ఒక పసివాడు

హిదెయొషి రైతు కుటుంబంలో పుట్టి దేశమంతటినీ తన కిందికి తెచ్చుకున్నవాడు. షోగన్ బిరుదు మాత్రం తీసుకోలేదు. చక్రవర్తి ఆస్థానంలో ‘కంపకు’ అనే పదవి, అది వదిలేశాక ‘తైకో’ అనే గౌరవం, వీటితోనే పాలించాడు. 1598లో చనిపోయేనాటికి కొడుకు హిదెయొరికి ఐదేళ్లు. ఆ పిల్లాడు పెద్దయ్యేదాకా రాజ్యం చేయి జారకుండా ఐదుగురు పెద్ద సామంతులను సంరక్షకులుగా పెట్టి, వాళ్లందరి చేతా ప్రమాణాలు చేయించాడు. ఇయెయాసు, మయెదా తొషియీ, మోరి తెరుమొతొ, ఉయెసుగి కగెకత్సు, ఉకితా హిదెయీ ఆ ఐదుగురు. వీళ్ల కింద రోజువారీ పాలన చూసే అధికారులు మరో ఐదుగురు. ఇషిదా మిత్సునారి ఈ రెండో గుంపులోని వాడు. సిరీస్‌లో ఇషిదోను సంరక్షకుల్లో ఒకడిగా చూపించారు. కథ సులువుగా అర్థం కావడానికి చేసిన మార్పు అది. కాకపోతే అసలు మిత్సునారి బలహీనత ఎక్కడుందో ఆ మార్పు వల్ల కనిపించకుండా పోయింది.

ఐదుగురిని పెట్టడంలో లెక్క ఏమిటంటే, ఏ ఒక్కడూ మిగతా నలుగురిని మించకూడదు. ఈ ఏర్పాటు నిలబడాలంటే ఇయెయాసుకు ఎదురు నిలిచే స్థాయి ఉన్న మనిషి ఒకడుండాలి. ఆ మనిషి మయెదా తొషియీ. అతను 1599లో చనిపోయాడు. ఇయెయాసు అప్పటికే హిదెయొషి పెట్టిన నియమాన్ని పక్కన పెట్టి, ఇతరుల అనుమతి లేకుండా పెద్ద సామంతులతో వియ్యమందడం మొదలుపెట్టాడు. తొషియీ పోయాక అతణ్ని ఆపగలిగేవాడు లేకపోయాడు.

సిరీస్‌లో టొరనాగా పెద్దల సభకు రాజీనామా చేయడం చాలామందికి ఓటమిలా అనిపిస్తుంది. అది నిజానికి ఆ నియమావళి మీద దెబ్బ. నిర్ణయం చెల్లాలంటే ఐదుగురు ఉండాలి. ఒకడు తప్పుకుంటే మిగిలిన నలుగురు అతని మీద చర్య తీసుకోవడానికి ముందు ఐదోవాణ్ని వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే వాళ్లలో వాళ్లకు చెడుతుంది.

బియ్యంతో కొలిచిన బలం

ఆ కాలపు జపాన్‌లో సామంతుడి స్థాయిని ‘కొకు’ల్లో చెప్పేవాళ్లు. ఒక కొకు అంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే బియ్యం, సుమారు 150 కిలోలు. ఎవరి భూమి ఎన్ని కొకులు పండుతుందో దాన్నిబట్టి అతను ఎంతమంది సైనికులను తేవాలో లెక్క కట్టేవాళ్లు. 1590లో హిదెయొషి ఇయెయాసును పాత సొంత భూముల నుంచి కదిలించి తూర్పున కాంటో మైదానానికి పంపాడు. రాజధానికి దూరం చేయడం ఉద్దేశం. కానీ ఆ మైదానం విశాలమైనది. ఇయెయాసు భూమి దాదాపు 25 లక్షల కొకులకు చేరింది. మోరి, ఉయెసుగి చెరి 12 లక్షల చొప్పున ఉండేవాళ్లు.

మిత్సునారిది సుమారు 1.9 లక్షలు.

సిరీస్‌లో ఇషిదో ఎందుకంత పట్టుదలగా ఒసాకా కోట గేట్లు మూసి ఉంచుతాడన్న ప్రశ్నకు ఈ అంకెలోనే సమాధానం ఉంది. సొంత సైన్యంతో ఇయెయాసును ఎదిరించే స్థోమత అతనికి లేదు. పెద్ద సామంతులు తన పక్షాన నిలవాలి, లేదంటే కనీసం అటు పక్షాన కత్తి ఎత్తకుండా ఉండాలి. దానికి అతని చేతిలో ఉన్న ఒకే సాధనం ఒసాకాలో కాపురముంటున్న వాళ్ల కుటుంబాలు. సామంతుల భార్యాబిడ్డలు తన కోట నగరాల్లో ఇళ్లు కట్టుకుని ఉండేలా చేసింది హిదెయొషియే. పైకి అది గౌరవం, లోపల పూచీకత్తు.

తాకట్టు అనేది అప్పటి జపాన్‌లో వింత కాదు. ఇయెయాసు బాల్యమే అందులో గడిచింది. ఆరేళ్లు నిండకముందే తండ్రి అతణ్ని ఇమగావా వంశానికి హామీగా పంపాడు. దారిలో శత్రువులైన ఒదా వాళ్లు ఎత్తుకుపోయారు. తర్వాత మళ్లీ ఇమగావా చేతికి వచ్చి, యవ్వనంలోకి వచ్చేదాకా వాళ్ల ఊళ్లోనే పెరిగాడు. 1586లో ఇయెయాసు ఒసాకాకు వచ్చి తన ముందు తల వంచాలని హిదెయొషి కోరుకున్నప్పుడు, నమ్మకం కలిగించడానికి ముందు చెల్లెల్ని ఇచ్చి పెళ్లి చేశాడు, ఆ తర్వాత ఏకంగా కన్నతల్లినే ఇయెయాసు ఇలాకాకు పంపాడు. ఆమె దిగిన ఇంటి చుట్టూ ఇయెయాసు అనుచరుడు హొందా షిగెత్సుగు కట్టెలు పేర్పించాడని, ఒసాకాలో తన ప్రభువుకు ఏదైనా జరిగితే నిప్పంటించడానికి సిద్ధంగా ఉన్నాడని చెప్పుకుంటారు. దేశమేలే మనిషి తల్లి కిటికీలోంచి చూస్తే కనిపించేది ఆ కట్టెల మోపులు. మనిషిని తాకట్టు పెట్టడం అంటే ఏమిటో ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

‘అతిథులు’ అనే మాట

మూడో ఎపిసోడ్‌లో టొరనాగా ఒసాకా నుంచి తప్పించుకునేది పల్లకీలో, తన ఇంటి ఆడమనిషి కిరి స్థానంలో దాక్కుని. అతను బయటపడ్డాడు, కిరి లోపల ఉండిపోయింది. తొమ్మిదో ఎపిసోడ్ అర్థం కావాలంటే ఈ చిన్న విషయం గుర్తుంచుకోవాలి.

తొమ్మిదో ఎపిసోడ్‌లో మరికో ఒసాకాకు తిరిగి వచ్చి, తన ప్రభువు టొరనాగా ఆజ్ఞ ప్రకారం కిరిని, అతని ఇంటి మరో స్త్రీ షిజును వెంటబెట్టుకుని వెళ్తానని నిండు సభలో చెబుతుంది. వద్దని ఎవరూ అనరు. అనుమతి పత్రం కావాలి, కొంచెం ఆగండి అంటారు. ఇక్కడే కిటుకంతా ఉంది. ఒసాకాలో ఉన్నవాళ్లంతా అధికారికంగా అతిథులు. వాళ్లను బందీలని అన్నరోజు, బంధించినవాడు వారసుడి సంరక్షకుడిగా కాక అందరికీ శత్రువుగా మిగులుతాడు. మరికో ఆగదు. మర్నాడు తన మనుషులతో గేటు వైపు నడుస్తుంది. కాపలావాళ్లు అడ్డుపడతారు. ఆమె మనుషులు ఒక్కొక్కరే నేల కూలతారు. చివరికి తనే నగినతా అనే పొడవాటి కర్రకు బిగించిన కత్తి పట్టుకుని ముందుకు ఉరుకుతుంది, ఆ ఈటెల వరుసను చీల్చలేక అలసిపోయి ఆగిపోతుంది. కాపలావాళ్లు ఆమెను చంపరు, దారీ ఇవ్వరు. ఆ కొద్ది నిమిషాల్లో చుట్టూ చూస్తున్న ప్రతి సామంతుడి ఇంటికీ ఒక సంగతి తెలిసిపోతుంది: ఇక్కడ అతిథులు ఎవరూ లేరు.

ప్రభువు ఆజ్ఞ నెరవేర్చలేకపోయినందుకు పొద్దుగూకేవేళకు ప్రాణం తీసుకుంటానని ఆమె ప్రకటించడంతో ఇషిదో ఇరుక్కుపోతాడు. పోనిస్తే రేపు అందరూ చీటీ అడుగుతారు. ఆపితే ఉన్నత వంశపు స్త్రీ అందరి కళ్ల ముందు చనిపోతుంది, ఆ నింద తన మీద పడుతుంది. చివరి నిమిషంలో చీటీ ఇస్తాడు. ఇచ్చిన మాట పైకి నిలబెట్టుకుంటూనే ఆ రాత్రి రహస్యంగా మనుషులను పంపి ఆమెను ఎత్తుకుపోవాలని చూస్తాడు. ఆ దాడిలో ఆమె ప్రాణం పోతుంది. టొరనాగా సైన్యంతో చేయాల్సిన పని అక్కడితో పూర్తయింది. క్రిమ్సన్ స్కై అంటే ఆమె అని చివరి ఎపిసోడ్‌లో తేలుతుంది. సిరీస్ మొత్తంలో పకడ్బందీగా రాసిన ఘట్టం ఇదే. యుద్ధం చూపించలేదనే ఫిర్యాదుకు అసలు జవాబు కూడా ఈ గేటు దగ్గరే ఉంది.

1600లో నిజంగా జరిగింది

గ్రాసియా అసలు పేరు తమ. హిదెయొషికి ప్రభువైన ఒదా నొబునగా అంతటివాణ్ని 1582లో వెన్నుపోటు పొడిచిన అకెచి మిత్సుహిదె కూతురు. ఆ ఒక్క సంఘటనతో ఆమె ద్రోహి బిడ్డ అయింది. భర్త హొసొకావా తదఒకి ఆమెను చంపలేదు, వదిలేయలేదు, కొండల్లోని ఒక మారుమూల పల్లెలో రెండేళ్లు దాచి ఉంచాడు. తర్వాత ఒసాకా ఇంటికి వచ్చాక 1587లో క్రైస్తవం పుచ్చుకుంది. క్రైస్తవ మతగురువులు దేశం విడిచి పోవాలని హిదెయొషి ఆజ్ఞ ఇచ్చిన సంవత్సరమూ అదే.

1600 వేసవిలో ఇయెయాసు ఉయెసుగి మీద దండయాత్రకు తూర్పుకు బయలుదేరాడు. హొసొకావా తదఒకి సహా చాలామంది సామంతులు వెంట వెళ్లారు. ఇదే అదనుగా మిత్సునారి పక్షం ఒసాకాలోని వాళ్ల భార్యాబిడ్డలను కోటలోకి తరలించాలని చూసింది. మొదట గురి పెట్టిన ఇళ్లలో హొసొకావా ఇల్లు ఒకటి. గ్రాసియా కదలనంది. క్రైస్తవంలో ఆత్మహత్య పాపం కాబట్టి ఆమె కోరిక మేరకు ఇంటి పెద్ద అనుచరుడు ఒగసవారా షోసాయ్ ఆమె ప్రాణం తీశాడు. ఇంటికి నిప్పు పెట్టి అతనూ చనిపోయాడు. మిగతా ఇళ్ల మీదికి వెళ్లడానికి మిత్సునారి పక్షం వెనకాడింది. కొందరు సామంతుల ఇంటి ఆడవాళ్లు ఆ గందరగోళంలో రహస్యంగా ఊరు దాటేశారు.

సిరీస్‌కూ చరిత్రకూ ఇక్కడ తేడా ఉంది. గ్రాసియాను ఎవరో పథకం ప్రకారం ఒసాకాకు పంపలేదు. ఆమె అక్కడే ఉంది, అక్కడే పోయింది. మరికోకు సిరీస్ ఇచ్చిన వ్యూహం కల్పన. ఫలితం మాత్రం చరిత్రలో జరిగినదే: తాకట్టు పెట్టిన మనిషి చనిపోతే తాకట్టు విలువ పోతుంది, పైగా పగ మిగులుతుంది.

ఇయెయాసు మాటేమిటి? తాకట్లు అతనూ పుచ్చుకున్నాడు. మయెదా తొషియీ కొడుకు మీద కుట్ర ఆరోపణ రావడంతో, అతను నిజాయితీ నిరూపించుకోవడానికి సొంత తల్లిని ఇయెయాసు కోట నగరం ఎడోకు (ఇప్పటి టోక్యో) పంపాడు. ఆమె దాదాపు 14 ఏళ్లు అక్కడే ఉంది. హొసొకావా తదఒకి కూడా ఒక కొడుకును ఎడోకు పంపాడు. అంటే 1600లో అతని భార్య ఒకరి గుప్పిట్లో, కొడుకు ఇంకొకరి గుప్పిట్లో. తేడా ఎక్కడంటే, ఇయెయాసు చాలా ముందుగా, గొడవ లేకుండా, ప్రతిఫలం చూపించి తీసుకున్నాడు. మిత్సునారి ఆ సామంతులు కత్తులు కట్టుకుని అవతలి పక్షంతో బయలుదేరాక, బలవంతంగా పట్టుకోబోయాడు.

జెండా రాకపోవడం

చివరి ఎపిసోడ్‌లో ఒచిబా రాసిన ఉత్తరం ప్రస్తావన వస్తుంది. వారసుడి సైన్యం యుద్ధానికి రాదన్నది అందులోని మాట. కథను ముగించేది ఆ ఉత్తరమే. ఎందుకంత ముఖ్యం?

ఇయెయాసు పక్షాన పోరాడినవాళ్లలో ఫుకుషిమా మసనొరి లాంటి చాలామంది హిదెయొషి చేతుల్లో పెరిగినవాళ్లు. మిత్సునారి అంటే వాళ్లకు గిట్టదు, కానీ హిదెయొరి మీద కత్తి ఎత్తలేరు. యుద్ధభూమిలో ఆ పసివాడి జెండా ఎగిరి ఉంటే వాళ్లు చేతులు ముడుచుకునేవాళ్లు. జెండా రాలేదు. మిత్సునారి పక్షానికి, అంటే పశ్చిమ సైన్యానికి, పేరుకు నాయకుడైన మోరి తెరుమొతొ కూడా ఒసాకా కోటలోనే ఉండిపోయాడు. 1600 అక్టోబర్ 21న సెకిగహారాలో పొద్దున మొదలైన యుద్ధం మధ్యాహ్నానికి తేలిపోయింది. పశ్చిమ పక్షాన వచ్చిన కొబయకావా హిదెయకి సుమారు 15,000 మందితో కొండ మీద నిలబడి చూసి, చివరికి సొంత పక్షం మీదికే దిగాడు. వెనక ఉన్న మోరి బలగాలు అసలు కదలనే లేదు. వాళ్లలో కిక్కావా హిరొయీ ముందే ఇయెయాసుతో మాట్లాడుకున్నాడు. మిత్సునారిని పట్టుకుని క్యోటోలో తల నరికారు.

అంటే అసలు యుద్ధంలో కూడా ఎవరు పోరాడారన్నదానికంటే ఎవరు కదలకుండా ఉన్నారన్నదే ఫలితం తేల్చింది. కెమెరాకు అందని సంగతి అది. దాన్ని ఒక ఉత్తరంగా, ఒక సంభాషణగా మార్చడం సిరీస్ రచయితలు తీసుకున్న సరైన నిర్ణయం.

నావికుడి వాటా

విలియం ఆడమ్స్ ఎక్కిన ‘లీఫ్డ’ అనే డచ్ ఓడ 1600 ఏప్రిల్‌లో క్యూషూ తీరానికి కొట్టుకొచ్చింది. రాటర్‌డామ్ నుంచి బయలుదేరిన ఐదు ఓడల్లో జపాన్ చేరింది ఇదొక్కటే. అప్పటిదాకా జపాన్‌కు యూరప్ అంటే పోర్చుగీసు వర్తకులు, వాళ్ల వెంట వచ్చిన జెసూట్ అనే క్రైస్తవ సంఘపు గురువులు. గోవా నుంచి మకావు మీదుగా నాగసాకికి ఏటా వచ్చే పెద్ద ఓడ చైనా పట్టు తెచ్చి జపాన్ వెండి పట్టుకెళ్లేది. చైనా మింగ్ పాలకులు జపాన్‌తో నేరు వ్యాపారం నిషేధించారు కాబట్టి మధ్యవర్తికి అంత గిరాకీ. ఆ మధ్యవర్తికి శత్రువులున్నారని, ప్రపంచాన్ని పోర్చుగల్, స్పెయిన్ కాగితం మీద పంచుకున్నాయని చెప్పిన మనిషి ఇయెయాసుకు పనికొచ్చాడు. సెకిగహారా గెలుపులో మాత్రం అతని పాత్ర స్వల్పం. తర్వాత వ్యాపారంలోనే అతని ప్రభావం ఎక్కువ. 1605 నాటికి మన మచిలీపట్నం చేరిన డచ్ కంపెనీ 1609లో జపాన్‌లోని హిరాడోలో వర్తకశాల పెట్టింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కాలక్రమంలో అక్కడ ‘సరస’ అన్న పేరుతో అపురూపమైన సరుకయ్యాయి.

అదే తాకట్టు, ఈసారి చట్టంగా

ఇయెయాసు 1603లో షోగన్ అయ్యాడు. రెండేళ్లకే పదవిని కొడుకు హిదెతదకు అప్పగించి, ఇది తమ వంశానిదేనని అందరికీ తెలిసేలా చేశాడు. హిదెయొరి మాత్రం ఒసాకా కోటలో పెరిగి పెద్దవాడవుతున్నాడు. 1614-15లో ఆ కోట ముట్టడి జరిగింది. హిదెయొరి, అతని తల్లి అందులోనే చనిపోయారు. సిరీస్ రెండో భాగం మొదటి కథకు పదేళ్ల తర్వాత మొదలవుతుందని నిర్మాతలు ప్రకటించారు కాబట్టి, అది చరిత్రకు దగ్గరగా నడిస్తే ఒచిబాకు, టొరనాగాకు మధ్య కుదిరిన ఆ ఉత్తరపు ఒప్పందం ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. మొదటి భాగంలో యుద్ధం ఆపిన తల్లి రెండో భాగంలో కోట గోడల లోపల చిక్కుకోవచ్చు.

మిత్సునారికి సాధ్యం కానిదాన్ని టొకుగావా వంశం ఏర్పాటుగా మార్చింది. 1635లో మూడో షోగన్ ఇయెమిత్సు కాలంలో సామంతులు ఏడాది ఎడోలో, ఏడాది సొంత సీమలో ఉండాలన్న నిబంధన చట్టమైంది. వాళ్ల భార్యలు, వారసులు మాత్రం ఎప్పుడూ ఎడోలోనే ఉండాలి. రాకపోకల ఖర్చుతో సామంతుల ఖజానా కరిగిపోయేది, కుటుంబాలు షోగన్ కళ్ల ముందు ఉండేవి. ఎడోకు వెళ్లే పెద్ద దారి మీద హకోనె దగ్గర తనిఖీ కేంద్రం ఉండేది. దారుల మీది ఇలాంటి కేంద్రాల గురించి ఒక నానుడి ఉంది: లోపలికొచ్చే తుపాకులు, బయటికెళ్లే ఆడవాళ్లు. ఈ రెండింటి మీదే కాపలావాళ్ల కన్ను ఉండాలి. ఎడో వదిలి వెళ్లే స్త్రీకి ప్రత్యేక అనుమతి పత్రం కావాలి. ఆ పత్రంలో ఆమె ఆనవాళ్లు రాసి ఉండేవి. హకోనెలో ఆడ ఉద్యోగులు ఆమె జుట్టు విప్పి మరీ సరిచూసేవాళ్లు. ఒసాకా గేటు దగ్గర మరికో అడిగిన చీటీయే ఇది. రెండు వందల ఏళ్లకు పైగా దాని కోసం ఎవరూ ఆ గేటు దగ్గర ఈటెల మీదికి ఉరకలేదు.

1862లో విదేశీ నౌకల ఒత్తిడి పెరిగి, తీర రక్షణకు సామంతులే ఖర్చు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు షోగన్ ప్రభుత్వం ఆ నిబంధన సడలించింది. భార్యాబిడ్డలు సొంతూళ్లకు వెళ్లవచ్చని చెప్పింది. ఎడోలోని సామంతుల భవనాలు ఖాళీ అయ్యాయి. రెండేళ్లకు పాత పద్ధతిని మళ్లీ తేవాలని చూసినా చాలామంది తిరిగి రాలేదు. 1867లో చివరి షోగన్ టొకుగావా యొషినొబు అధికారాన్ని చక్రవర్తికి అప్పగించాడు. అతణ్ని ఆ స్థితికి తెచ్చిన సంస్థానాల్లో చోషూ ఒకటి. 1600లో ఒసాకా కోట దాటి రాకుండా కూర్చున్న మోరి తెరుమొతొ వారసుల సీమ అది.